ఇసుకలో దిద్దిన అక్షరము



జ్ఞాపకము తలలో దాచిన మూట యని మన తలంపు. మన పెద్దల చదువును పరికించినచో, ఆ మూటకు చేయి, కాలు, నాలుక, నేల గూడ కాపరులని తెలియగలదు. కొన్ని శాఖల వేదాధ్యాయులు నేటికిని స్వరమును చేతి కదలికతో చూపుచు వల్లింతురు.

పూర్వము వీధిబడిలో బాలుడు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దెడివాడు. ఎక్కములు పదిమందితో గొంతు కలిపి చదివెడివాడు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరములు కోరగా, బళ్లారి కలెక్టరు క్యాంబెల్ మరుసటి యేట పంపిన నివేదికలో ఈ బడులను వర్ణించెను. ఉదయమున ముందుగా వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరును, రెండవవాని చేత సున్నయు వ్రాసెడివారట! అర్థ మెఱుగక పద్యములు వల్లించుటను ఆయన తప్పుపట్టెను. అందు న్యాయము కలదు. కాని ఇసుకలో వ్రాయుట వ్యర్థము కాదు. అంతకు మునుపే డాక్టరు ఆండ్రూ బెల్ ఒక దేశీయ బడిలో దానిని చూచి, మద్రాసులోని తన అనాథబాలుర పాఠశాలలో ప్రవేశపెట్టి, 1797లో లండనున గ్రంథము ప్రకటించెను. ఆ పద్ధతి ఇంగ్లండున వ్యాపించినది.

గ్రామలెక్కలు వ్రాయు నాకు ఈ సత్యమును బోధించినవాడు చదువురాని వృద్ధ రైతు. ఒక గట్టు తగవులో సరిహద్దు రాయి కానరాలేదు. చావడిలో కూర్చుండబెట్టి అడుగగా ఆయన, “గుర్తు లేదయ్యా” అనెను. పొలమునకు తీసికొనిపోతిమి. గట్టుమీద కొంతదూరము నడచి, టక్కున నిలిచి, “ఇక్కడ తాటిచెట్టుండె. దాని నీడన మా నాయన, నేను సద్ది తినేవాళ్లం” అనెను. త్రవ్వగా తాటిమొదలు బయటపడెను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరము దాటిన పెనుతుపానులో ఆ చెట్టు కూలినదట. తలకు తోచనిది పాదమునకు తోచినది.

పూర్వు లీ సంగతి నెఱుగుదురు. దానశాసనములలో పొలిమేరలను చెరువులతో, చెట్లతో, పుట్టలతో నిర్ణయించిరి. మన నెల్లూరు మండల శాసనములను బట్టర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గారలు మూడు సంపుటములుగా 1905లో ప్రకటింపకున్న, ఎన్ని గుర్తులు మాసిపోయెడివో!

చెట్టు కూలినను, కాలువ పూడినను, వానిని చూచి తలచుకొను మాటలును పోవును. ఆ వృద్ధు డిప్పుడు లేడు. కనుక యువకులకు నా మనవి: ఆదివారము లందు ఒక పెద్దవారిని వెంటబెట్టుకొని పొలములు, దిబ్బలు, కాలువగట్లు తిరుగుడు. అడుగు నిలిచినచోట వారు చెప్పినది అక్కడనే వ్రాసికొని, ఈ గ్రంథాలయమున భద్రపరచుడు. స్వర్ణోత్సవమునాటికి ఆ పుస్తకము మన అలమారలో నుండుగాక!