లా ప్రవేశ పరీక్షల తయారీ

పుదుచ్చేరిలోని లాస్‌పేటకు ఆ పేరు ఫ్రెంచి గవర్నరు లా ద లారిస్తోన్ వల్ల వచ్చిందంటారు. న్యాయశాస్త్రానికీ దానికీ చుట్టరికం లేదు. ఇక్కడి పిల్లలకు దగ్గర్లోని లా కాలేజీ కాలాపేటలోని డాక్టర్ అంబేద్కర్ ప్రభుత్వ న్యాయ కళాశాల. అక్కడి ఐదేళ్ల కోర్సు సీట్లను పుదుచ్చేరి ప్రవేశాల సంస్థ సెంటాక్ ప్లస్‌టూ మార్కులను బట్టి ఇస్తూ వచ్చింది. ప్రవేశ పరీక్షతో పని పడేది ఊరు దాటాలనుకున్నప్పుడే. తిరుచ్చి జాతీయ లా వర్సిటీకి, హైదరాబాదు నల్సార్‌కు, విశాఖలోని దామోదరం సంజీవయ్య వర్సిటీకి క్లాట్ రాయాలి. ఆంధ్ర, తెలంగాణల్లోని మిగతా లా కాలేజీల్లో చాలావాటికి లాసెట్.

రెండింటిలోనూ 120 ప్రశ్నలే అయినా ఒకే తయారీ రెండింటికీ పనికిరాదు. లాసెట్‌కు 90 నిమిషాలు, అంటే బిట్‌కు 45 సెకన్లు. తెలుగులోనూ రాయవచ్చు, తప్పుకు కోత లేదు. సగం మార్కులు న్యాయ విభాగానివే కనుక రాజ్యాంగం, ప్రాథమిక న్యాయ సూత్రాలు కంఠతా ఉండాలి. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. కాబట్టి అన్నయ్యలు వాడి ఇచ్చిన పాత గైడులోని శిక్షాస్మృతి సెక్షన్ల నంబర్లను నమ్ముకోకూడదు.

క్లాట్‌లో జ్ఞాపకశక్తి కన్నా చదివే వేగం ముఖ్యం. 2008లో మొదలైన ఈ పరీక్ష 2020 నుంచి పాసేజీల మీదికి మళ్లింది. ఒక్కోటి దాదాపు 450 పదాలు, పరీక్ష రెండు గంటలు, అంతా ఇంగ్లీషే. పుదుచ్చేరికే చెందిన యానాంలో తెలుగు మీడియం చదివిన విద్యార్థికి అసలు ఇబ్బంది ఇక్కడే. దినపత్రిక సంపాదకీయాన్ని గడియారం పెట్టుకుని చదివి, రచయిత వాదన ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోవడం దీనికి మంచి సాధన. న్యాయ విభాగంలో పాసేజీలో ఇచ్చిన సూత్రాన్నే పట్టుకోవాలి. సొంత లా పరిజ్ఞానం చూపబోతే మార్కు పోతుంది.

క్లాట్‌లో తప్పు జవాబుకు పావు మార్కు కోత అనగానే చాలామంది బెదిరి ప్రశ్నలు వదిలేస్తారు. లెక్క వేస్తే అంత భయం అక్కర్లేదు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెట్టినా సగటున 0.06 మార్కు లాభమే. రెండింటిని కొట్టేయగలిగితే అది 0.375 అవుతుంది.

మాక్ టెస్టులు ఎన్ని రాశారన్నది పెద్ద విషయం కాదు. రాసిన మర్నాడు తప్పుల పుస్తకం తెరవాలి. తెలియక పోయిందా, ప్రశ్న తప్పుగా చదివారా, సమయం చాలలేదా అని ప్రతి తప్పుకూ కారణం రాయాలి. రెండో రకం తప్పులే ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇంకో గైడు కొన్నా లాభం ఉండదు.

2022 నుంచి క్లాట్ డిసెంబరులో జరుగుతోంది, అంటే బోర్డు పరీక్షలకు ముందే. లాసెట్ వేసవిలో ఉంటుంది కనుక ప్లస్‌టూ చివరి ఏడాదిలో క్లాట్ చదువే ముందు మొదలెట్టాలి.