ఒంటిగంట కచేరీ

పోయిన వేసవిలో మా మామయ్యగారు ఇండియా నుంచి వచ్చి మా దగ్గర రెండు నెలలున్నారు. మా అమ్మాయి పియానో సాధన చేస్తుంటే విని, ఒకరోజు నన్ను అడిగారు: "మనకి వీణ లేదా, వయొలిన్ లేదా? ఈ పరాయి సంగీతం ఎందుకమ్మా దానికి?" వయొలిన్ కూడా వీళ్ళ దగ్గర్నుంచి వచ్చిందేనండీ అందామనుకుని ఊరుకున్నాను. ఆ శనివారం ఆయన్ని ట్రఫాల్గర్ స్క్వేర్ తీసుకెళ్ళి, నేషనల్ గ్యాలరీ ముందు కూర్చుని మైరా హెస్ కథ చెప్పాను. ఇవాళ మీకూ అదే చెప్తాను.

మైరా హెస్ 1890లో లండన్‌లోనే ఒక యూదు కుటుంబంలో పుట్టారు. రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో టోబయస్ మాథే అనే గురువు దగ్గర నేర్చుకున్నారు. 1907లో, పదిహేడేళ్ళ వయసులో, క్వీన్స్ హాల్లో బీతోవెన్ నాలుగో పియానో కాన్సర్టో వాయించారు. అరంగేట్రం బాగానే జరిగింది గానీ అవకాశాలు వెంటనే వచ్చిపడలేదు. పాఠాలు చెప్పుకుంటూ చాలా ఏళ్ళు నెట్టుకొచ్చారు. 1922లో అమెరికాలో వాయించాక గాని పెద్ద పేరు రాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మనవాళ్ళు, ఈవిడ విషయంలో అది కాస్త తిరగబడింది.

ఇక అసలు కథ 1939లో. సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించగానే బాంబుల భయంతో లండన్‌లో సినిమా హాళ్ళు, నాటకశాలలు, కచేరీ హాళ్ళు మూసేశారు. రాత్రయితే ఊరంతా చీకటి. నేషనల్ గ్యాలరీలో బొమ్మలన్నీ దించి వేల్స్‌కి పంపేశారు. గోడల మీద ఖాళీ ఫ్రేములు మిగిలాయి. హెస్ అప్పటికే ఒప్పుకున్న అమెరికా పర్యటన మానుకుని, గ్యాలరీ డైరెక్టరు కెన్నెత్ క్లార్క్ దగ్గరికి వెళ్ళారు. అప్పుడప్పుడూ ఇక్కడ కచేరీ పెట్టుకోవచ్చా అని అడిగితే, రోజూ ఎందుకు పెట్టకూడదు అన్నాడాయన.

అక్టోబరు 10న మొదటి కచేరీ. ఎవరైనా వస్తారో రారోనని భయపడి ఆవిడే వాయించారు. దాదాపు వెయ్యిమంది వచ్చారు. అప్పట్నుంచి సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం ఒంటిగంటకి కచేరీ, టికెట్టు ఒక షిల్లింగు. ఆఫీసు గుమాస్తాలు, నర్సులు, సెలవు మీద వచ్చిన సిపాయిలు భోజనం వేళకి వచ్చేవారు. క్యాంటీన్లో తేనె, ఎండుద్రాక్ష పెట్టిన శాండ్‌విచ్‌లకి ఊరంతా పేరు.

1940లో బాంబుదాడులు మొదలయ్యాక కచేరీలని నేలమాళిగలోకి మార్చారు. ఆ అక్టోబరులో భవనంలో పేలని బాంబు ఒకటి దొరికితే, జనాన్ని దూరంగా ఇంకో గదిలో కూర్చోబెట్టి కచేరీ సాగించారు. బీతోవెన్ క్వార్టెట్ మధ్యలో ఆ బాంబు పేలింది. వాయించేవాళ్ళు ఆపలేదు.

బీతోవెన్ అన్నాను కదా, నేను మామయ్యగారికి చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. బాంబులు వేస్తున్నది జర్మన్లు. ఈవిడేమో యూదురాలు. జర్మనీలో తన వాళ్ళని ఏం చేస్తున్నారో తెలియనిది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే ఇంగ్లండులో జర్మన్ సంగీతాన్ని చాలామంది దూరం పెట్టారు కూడా. అయినా మొదటిరోజునే ఆవిడ బీతోవెన్ అపాసియొనాటా వాయించారు. జర్మనీలోనే పుట్టి పెరిగిన బాక్ స్వరాన్ని తానే పియానోకి మలుచుకుని, దాన్నీ వాయించారు. ఇంగ్లీషులో 'జీసు, జాయ్ ఆఫ్ మ్యాన్స్ డిజైరింగ్' అంటారే, అది. బాక్ హిట్లర్ సొత్తు కాదు కదా! యుద్ధం చివర్లో హంఫ్రీ జెన్నింగ్స్ తీసిన 'ఎ డైరీ ఫర్ టిమతీ' అనే సినిమాలో ఆవిడ అపాసియొనాటా వాయిస్తూ కనబడతారు. శత్రువు దేశపు సంగీతం కదా ఇది అన్న ప్రశ్న ఆ సినిమా వ్యాఖ్యానంలోనే వస్తుంది. వీలైతే చూడండి.

1946 ఏప్రిల్ 10న ఆఖరి కచేరీ. మొత్తం 1,698 కచేరీలు, విన్నవాళ్ళు ఎనిమిది లక్షల పైచిలుకు. ఆవిడ స్వయంగా 150 దాకా వాయించారు, తనకంటూ ఒక్క పెన్నీ తీసుకోలేదు. మిగిలిన డబ్బు ఇబ్బందుల్లో ఉన్న సంగీతకారుల సహాయనిధికి వెళ్ళింది. 1941లో రాజు డేమ్ బిరుదు ఇచ్చాడు. రికార్డింగులంటే ఆవిడకి చిరాకు, ఎదురుగా మనుషులుండాలి. అందుకే ఆవిడ పేరుకి తగినన్ని రికార్డులు మనకి మిగల్లేదు. ఆరోగ్యం దెబ్బతిని 1961లో వేదిక మీద వాయించడం మానేశారు. 1965 నవంబరు 25న పోయారు.

మామయ్యగారు అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "శాండ్‌విచ్‌లో ఎండుద్రాక్షా?" అన్నారు.

ఇంటికొచ్చాక మనవరాల్ని పిలిచి, ఆ బాక్ గారిది వాయించమ్మా అన్నారు. దానికి అప్పటికి సగమే వచ్చు. ఆ సగమే రెండుసార్లు వాయించింది.