పరవాసము నుండి పొలిమేరకు

మహారాష్ట్రమందలి భివండీ పట్టణమున పద్మనగరము, కామత్‌ఘర్ సందులలో సాంచాల (మరమగ్గముల) చప్పుడు నడుమ తెలంగాణపు తెలుగు వినవచ్చును. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములలో చేతిమగ్గము కూడు పెట్టక తరలివచ్చిన పద్మశాలీలు అచ్చట తరములుగా కాపురమున్నను, వారి ఊళ్లలో దానిని నేటికిని ‘బతుకబోవుట’ యనియే యందురు. ఆ మాట విన్నప్పుడెల్ల నాకు ‘పారిష్’ అను క్రైస్తవపదము జ్ఞప్తికి వచ్చును.

దానికి మూలము గ్రీకుభాషలోని ‘పారోయికియా’. పౌరహక్కు లేక పరుల యూర నివసించుట యని దాని తొలియర్థము. ఈ లోకము తమకు విడిదియే కాని స్వస్థలము కాదని తలచిన ఆదిక్రైస్తవులు తమ సంఘమునకు ఆ పేరే పెట్టుకొనిరి. కాలక్రమమున, ఒక గురువునకు అప్పగింపబడి, తనలోని జనుల జ్ఞానస్నానములును వివాహములును భూస్థాపనలును ఒక్క గుడి పుస్తకములకే ఎక్కునట్లు ఎల్లలు గీయబడిన ప్రదేశమే పారిష్ అయ్యెను. పరవాసమును తెలుపు మాట పొలిమేరరాయియై కూర్చుండినది! తెలుగు కథోలికులు దీనిని ‘విచారణ’ యనియు, దాని గురువును ‘విచారణ గురువు’ అనియు వ్యవహరింతురు. యోగక్షేమములు విచారించుట యను మన పాత యర్థమును పట్టి పెట్టిన పేరది. పెట్టినవాడు భాష నెరిగినవాడు. న్యాయస్థానపు విచారణకు జంకువారు సైతము దీనికి జంకనక్కరలేదు.

ఇంగ్లండులో గుడి యెల్లయే సర్కారు ఎల్లయు నయ్యెను. 1538లో రాజమంత్రి థామస్ క్రామ్వెల్ ఆజ్ఞచే ప్రతి పారిష్ ఈ జ్ఞానస్నాన వివాహాదుల చిట్టా వ్రాయ మొదలిడెను. 1555లో బాటల మరమ్మతును, 1601లో పేదల పోషణమును దాని నెత్తిన పడెను. పేదవాని కూటికి పన్ను కట్టవలసి వచ్చినచోట దయకు సైతము లెక్కలు పుట్టును. ఏడాదికి పది పౌనులకు తక్కువ అద్దె గల యింట దిగిన క్రొత్తవాడు రేపు తమకు భారమగునని పారిష్ పెద్దలకు తోచినచో, నలువది దినములలోపల ఫిర్యాదు చేసి, న్యాయాధికారుల యుత్తరువుతో వానిని వెనుకటి పారిష్‌కు పంపివేయవచ్చునని 1662 నాటి చట్టము విధించెను. పరవాసి యను పేరు మోసిన వ్యవస్థయే పరవాసిని తరుముటకంటె విపరీతమేమున్నది? 1894లో చట్టము గ్రామపారిష్‌లలో ఊరిపనులను ఎన్నికైన కౌన్సిళ్లకు అప్పగించి, దైవకార్యమును గుడికి విడిచెను. అమెరికాలోని లూయిజియానాలో మాత్రము జిల్లాలను నేటికిని పారిష్‌లనియే పిలుతురు, అవి 64.

భివండీకి ఇవి మరీ దూరపు మాటలు కావు. చేరువనున్న వసయి 1534లో పోర్చుగీసుల వశమై, 1739లో మరాఠా సేనాని చిమాజీ అప్పా చేజిక్కువరకు, ఆ తీరమున గుళ్ల చుట్టును పారిష్‌లు వెలసినవి. పద్మనగరపు సాలెలు మాత్రము ఆ గుళ్లవారు కారు; వారి కులపురుషుడు మార్కండేయుడు. కొళాయికిని వీధిదీపమునకును దిక్కు నగరపాలక సంస్థవారి వార్డు. ఈ వార్డు, వచ్చినవాని వెనుకటి యూరెక్కడని తరుమదు. 1662 నాటి శాసనమే యిచ్చట నుండెనేని, తెలంగాణపు సిరిసిల్ల నుండి వచ్చిన సాలెలు పలువురు పని నేర్వకమునుపే తిరుగుబండి యెక్కవలసి వచ్చెడిది. భివండీలో పని నేర్చి మరలినవారి చేతనే గదా సిరిసిల్లకు సాంచాలు వచ్చినవి.