కవి నోట కావ్యం

తాను రాసిన కావ్యమే తనకు పాఠ్యపుస్తకమై పరీక్ష హాల్లో ఎదురైతే? పుట్టపర్తి నారాయణాచార్యులకు అలాగే జరిగింది. నూనూగు మీసాలైనా రాని వయసులో ఆయన రాసిన ‘పెనుగొండ లక్ష్మి’, తర్వాత ఆయనే విద్వాన్ పరీక్షకు చదవాల్సిన పాఠమైంది. ఈ ముచ్చట తెలిసిన నాటి నుంచీ నాకొకటే ధ్యాస: ఆయన గొంతు వినాలి.

మా రొద్దం నుంచి పెనుకొండ పోయే బస్సులో ఆ కోరిక తీరింది. చెవిలో ఆయన చదివిన ‘శివతాండవం’, కిటికీ అవతల పెనుకొండ కోట కొండ. కాగితం మీద మాటలుగా కనిపించినవి ఆయన నోట అడుగులై, గజ్జెలై మోగాయి.

మోగవా మరి! 1914లో చియ్యేడులో పుట్టిన ఆచార్యులు పెరిగింది పెనుకొండలోనే. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న ఊరది. అక్కడి శిథిలాలే ఆయన తొలి కావ్యానికి ప్రాణం. పిట్ అనే దొరసాని దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదివారు. సంగీతం, నాట్యం కూడా నేర్చారు. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ ‘శివతాండవం’ అల్లారని చెబుతారు. నడుస్తూ పుట్టిన కావ్యానికి నడక తెలియకుండా ఉంటుందా?

కవి గొంతు నిలబెట్టుకునే వీలు 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌తో వచ్చింది. 1889లో ఇంగ్లీషు కవి బ్రౌనింగ్ తన పద్యం చదువుతూ మధ్యలో మరిచిపోయాడు. ఆ తడబాటు కూడా మైనపు గొట్టంలో భద్రంగా ఉంది. మనకు 1981లో గూటాల కృష్ణమూర్తి లండన్ నుంచి ‘మహాప్రస్థానం’ తెచ్చారు, శ్రీశ్రీ చేతిరాతతో, ఆయన గొంతు నింపిన క్యాసెట్‌తో.

ఫోనోగ్రాఫ్‌కు ముందు శతాబ్దాలన్నీ మౌనమే. శ్రీనాథుడు సీసం ఎత్తుకుంటే సభ ఎలా ఊగిందో, మొల్ల ఏ పాదం దగ్గర గొంతు తగ్గించిందో మనకిక దక్కదు. యంత్రాలొచ్చాకా పోగొట్టుకున్నాం. రేడియోలో తీయగా పలికిన దేవులపల్లి కృష్ణశాస్త్రి 1963లో గొంతే కోల్పోయి, చివరిదాకా కాగితం మీదే మాట్లాడారు. ఇది తలచుకున్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

మంచి కంఠం వేరేవాళ్లకూ ఉంటుంది. కానీ ఏ మాట దగ్గర తన గుండె ఆగిందో రాసినవాడికే తెలుసు. ఇంటికొచ్చి ‘శివతాండవం’ తెరిచాను. అచ్చులో విరామం లేని చోట, ఆచార్యులు ఊపిరి తీసుకున్న చోట, నా చూపు తనంతట తానే ఆగింది.