ఆకాశంలో వింత వెలుగులు.. విచారణల్లో తేలిన నిజాలు

హిందూపురం: రాత్రివేళ ఆకాశంలో అంతుచిక్కని వెలుగు కనిపిస్తే మొదట పుట్టేది భయం, ఆ వెనుకే వదంతి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు వర్షచ్ఛాయలో ఉన్నందున మబ్బులేని రాత్రులు ఇక్కడ ఎక్కువ. గ్రహాలు, ఉల్కలు, ఉపగ్రహాలు మేడపై నిలిచినవారికి స్పష్టంగా కనిపిస్తాయి. ఇటువంటి దృశ్యాలపై దేశంలో జరిగిన అధికారిక విచారణల ఫలితాలు తెలుసుకోదగినవి.

ఉగాది రాత్రి ఘటన

2022 ఏప్రిల్‌ 2, శుభకృత్‌ ఉగాది నాటి రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో పలుచోట్ల నిప్పుతోకలతో వెలుగుల వరుస ఒకటి ఆకాశంలో సాగిపోయింది. ఉల్కాపాతమని చాలామంది భావించారు. కాగా తెలంగాణ సరిహద్దులోని చంద్రపూర్‌ జిల్లా సిందేవాహి తాలూకాలో పెద్ద లోహవలయం, గోళాకారపు వస్తువు లభించాయి. ప్రాణనష్టం సంభవించలేదు. జిల్లా యంత్రాంగం వాటిని భద్రపరచగా, ఇస్రో శాస్త్రవేత్తలు వచ్చి పరిశీలించారు. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్‌ మార్చ్‌-3బి రాకెట్‌ మూడో దశ వాతావరణంలోకి తిరిగి ప్రవేశించి మండిపోయిందని అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు జొనాథన్‌ మెక్‌డొవెల్‌ అంచనా వేశారు.

సరిహద్దులో శుక్రుడు, గురుడు

2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు లడఖ్‌ సరిహద్దులో సైనికులు వింత వెలుగులను 329 పర్యాయాలు నమోదు చేశారు. చైనా గూఢచారి డ్రోన్లు కావచ్చునన్న అనుమానం తలెత్తింది. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థను రంగంలోకి దింపగా, అవి శుక్ర, గురు గ్రహాలేనని శాస్త్రవేత్తలు తేల్చారు. రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలిచిన చోట గ్రహాన్ని డ్రోన్‌గా పొరబడితే పరిణామం ఎంత తీవ్రంగా ఉండేదో ఊహించవచ్చు.

అన్నీ తేలుతాయా?

అమెరికా వాయుసేన 1969లో ముగించిన ప్రాజెక్ట్‌ బ్లూబుక్‌లో 12,618 ఘటనలను పరిశీలించగా, 701 మాత్రం తేలకుండా మిగిలాయి. తేలకపోవడమంటే గ్రహాంతరవాసులు వచ్చారని కాదు, నిర్ధారణకు తగిన ఆధారాలు చాలలేదని అర్థం.

గుర్తించడం ఇలా..

వెలుగు ఎంతసేపు కనిపించిందన్నదే విచారణకు తొలి ఆధారం. ఉల్క కొద్ది సెకన్లలో మాయమవుతుంది. రాకెట్‌ శకలాలు ముక్కలుగా విడిపోతూ నిమిషం, అంతకుపైగా నెమ్మదిగా సాగుతాయి. ఉపగ్రహం మినుకుమినుకుమనకుండా కొన్ని నిమిషాల్లో ఆకాశాన్ని దాటుతుంది. గ్రహం గంటల తరబడి ఉండి, మరునాడు దాదాపు అదే వేళకు మళ్లీ కనిపిస్తుంది. అందువల్ల చూసినవారు సమయం, దిక్కు, ఎత్తు, వ్యవధిని వెంటనే రాసి ఉంచుకోవాలి.

శకలం దొరికితే

నేలపై పడిన వస్తువును తాకరాదు, ఇంటికి తీసుకువెళ్లరాదు. విషపూరిత ఇంధనపు అవశేషాలు అందులో ఉండే ప్రమాదముంది. పోలీసులకు గానీ, తహసీల్దారుకు గానీ తెలియజేయాలి. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, అంతరిక్ష శకలాల వల్ల నేలపై నష్టం వాటిల్లితే ప్రయోగించిన దేశమే పరిహారం చెల్లించాలి. భారత్‌, చైనా రెండూ ఈ ఒప్పందంలో ఉన్నాయి. సాధారణంగా ఏడాదిలోగా ప్రభుత్వం ద్వారా పరిహారం కోరవలసి ఉంటుంది. శకలం ఏ దేశానిదో రుజువైతేనే అది సాధ్యం. పల్లెలో దొరికిన ముక్కను పాత ఇనుము కింద అమ్మేస్తే ఆ రుజువే పోతుంది.