పసినెత్తురు రహస్యము

కొడవలి కణ రోగము పుట్టుకతోనే వచ్చును. కాని పుట్టిన వెంటనే కనబడదు. తల్లిదండ్రులిద్దరి నుండి దోషము సంక్రమించిన బిడ్డ కూడ మొదటి నెలలలో తక్కిన బిడ్డలవలెనే పాలు త్రాగి, కేరింతలు కొట్టుచుండును. ఇంచుమించు ఆరు మాసములు నిండు వేళకు రక్తహీనత, చేతులు కాళ్ళు వాచుట, భరింపరాని నొప్పులు బయటపడును. అంతవరకు ఆ బిడ్డను కాపాడినది ఏమి? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము దొరకుటకు అరువది ఏండ్లు పట్టినది. ఆ చరిత్రనే నేడు మీకు మనవి చేయుచున్నాను.

ఈ రోగమును 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ లోకమునకు తెలిపినారు. ఒక విద్యార్థి నెత్తుటిలో గుండ్రముగా నుండవలసిన ఎఱ్ఱకణములు కొన్ని కొడవలివలె వంగియుండుట ఆయన చూచినారు. 1948లో న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అను శిశువైద్యురాలు మరొక సంగతి గమనించినారు. దోషమున్న పసికందుల నెత్తుటిలో అట్టి కణములు బహు తక్కువ. గర్భమున నున్నప్పుడు తయారైన హిమోగ్లోబినే వారిని రక్షించుచున్నదేమో యని ఆమె ఊహించినారు. మరుసటి ఏడు లైనస్ పౌలింగ్ బృందము ఈ రోగమునకు మూలము హిమోగ్లోబిన్ అణువులోని దోషమేనని నిరూపించినది.

ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిన్ మనలో రెండు విధములు. పెద్దవారి దానిలో ఆల్ఫా, బీటా అను గొలుసులుండును. గర్భస్థ శిశువు దానిలో బీటాకు బదులు గామా గొలుసుండును. కొడవలి దోషము బీటాలోనిది. గామాకు ఆ దోషము అంటదు. పుట్టిన పిమ్మట గామా క్రమముగా తగ్గిపోయి, ఆ చోటు బీటాకు దక్కును. అయితే గామాను తయారుచేయు జన్యువు నశించిపోదు. అది మనలో ప్రతి ఒక్కరియందును చెక్కుచెదరక యుండును. దానిని మూయించినది ఎవరు?

పూర్వము కరణముగారి దస్తరములో అసలు కాగితము కదలెడిది కాదు; కావలసినవారికి నకలు వ్రాసి ఇచ్చెడివారు. కణములోను అంతే. జన్యువు స్థానము విడువదు. దాని నకలు మాత్రమే బయటికి పోయి పని జరిపించును. ఈ నకలు తీయుటనే అనులేఖనము అందురు. నకలు తీయనీయక అడ్డుపడుటయే పనిగా గల జన్యువులు కలవని 1961లో పారిస్ శాస్త్రజ్ఞులు జాకబ్, మోనోలు సూక్ష్మజీవులలో చూపినారు. 1965లో వారికి నోబెల్ బహుమతి లభించినది.

గామాను అడ్డునది మాత్రము చాలకాలము చిక్కలేదు. పెద్దవారైనను పసితనపు హిమోగ్లోబిన్ అధికముగా గలవారు కొందరున్నారు. 2007, 2008 సంవత్సరములలో అట్టివారి జన్యువులను ఇతరుల జన్యువులతో పోల్చి చూడగా రెండవ క్రోమోజోముపై బి.సి.ఎల్. 11ఏ అను జన్యువు కంటబడినది. అది అంతకుముందు తెల్లకణముల కాన్సరుల సందర్భమున తెలిసినది. పేరు కూడ అందుండి వచ్చినదే. 2008లోనే బోస్టన్‌లో స్టూవర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ మొదలగువారు దానిని తగ్గించిన ఎఱ్ఱకణ మాతృకలలో గామా తిరిగి మేల్కొనునని చూపినారు. 2011లో రోగముగల ఎలుకలలో ఎఱ్ఱకణములవరకు దానిని తొలగించగా రోగము నయమైనది.

అట్లని ఆ జన్యువును శరీరమంతట తొలగింపరాదు. మెదడు ఎదుగుదలకు, రోగనిరోధక కణములకు అది అవసరము. ఒక చోట శత్రువుగా తోచినది మరొక చోట ఆప్తబంధువు. 2013లో డేనియల్ బాయర్, ఆర్కిన్ ప్రభృతులు దారి చూపినారు. ఎఱ్ఱకణములలో మాత్రమే ఆ జన్యువును ప్రోత్సహించు మీట యొకటి కలదు. ఆ మీటను కత్తిరించిన చాలును. తక్కిన చోట్ల దాని పని చెడదు.

ఆ పద్ధతినే చికిత్సగా 2023 నవంబరులో బ్రిటను, డిసెంబరులో అమెరికా ఆమోదించినవి. రోగి మూలకణములను తీసి, మీటను తెగగొట్టి, గట్టి మందులతో ఎముకల మూలుగను ఖాళీచేసి, వాటిని తిరిగి ఎక్కింతురు. అమెరికాలో ప్రకటించిన వెల ఇరువది రెండు లక్షల డాలర్లు.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. మన దేశమున ఈ దోషము 1952లో నీలగిరి గిరిజనులలో కనుగొనబడినది. ఆదిలాబాదు గోండులలోను, విశాఖ, గోదావరి మన్యములలోను ఇది కలదు. 2047 నాటికి దీనిని రూపుమాపు సంకల్పముతో 2023 జూలై 1న జాతీయోద్యమము ఆరంభమైనది. రక్తపరీక్షతో దోషమును ముందే గుర్తింపవచ్చును. హైడ్రాక్సీయూరియా అను బిళ్ళ కొందరిలో ఆ పసితనపు హిమోగ్లోబిన్‌నే కొంత పెంచి, నొప్పులను తగ్గించును.

ప్రకృతి మందును మన లోపలనే దాచి తాళము వేసినది. తాళపుచెవి దొరకినది. ఆ తలుపు ధనవంతుని ఇంట మాత్రమే తెరువబడునా, మన్యపు గుడిసెలోను తెరువబడునా యన్నది ఇకమీద శాస్త్రము ఒక్కటే తేల్చవలసిన ప్రశ్న కాదు, అది మనందరిది.