గ్రేట్ జింబాబ్వే: యాత్రికుల కథనాలు – పురావస్తు సాక్ష్యం

ఆఫ్రికా దక్షిణ భాగంలో జాంబెజీ, లింపోపో నదుల మధ్య విస్తరించిన పీఠభూమి వన్యమృగాలకు, గ్రానైటు కొండలకు, ప్రాచీన శిథిలాలకు ప్రసిద్ధి. ఆ శిథిలాలలో ప్రధానమైనది గ్రేట్ జింబాబ్వే. ‘జింబాబ్వే’ అనే షోనా పదానికి ‘రాతి ఇళ్ళు’ అని అర్థం చెబుతారు. క్రీ.శ. 11–15 శతాబ్దాల మధ్య వర్ధిల్లిన ఈ నగరంలో గోడలను సున్నం వాడకుండా గ్రానైటు రాళ్ళు పేర్చి కట్టారు. మహాప్రాకారం చుట్టుకొలత దాదాపు 250 మీటర్లు. ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు. పశుసంపద, బంగారు వర్తకం ఈ నగర వైభవానికి మూలాధారాలు.

1871లో ఇక్కడికి చేరిన జర్మన్ యాత్రికుడు కార్ల్ మౌఖ్, ఒక ద్వారబంధపు చెక్కను తన పెన్సిలు చెక్కతో పోల్చి, అది లెబనాన్ దేవదారు అని నిర్ణయించాడు. ఆ ఒక్క పోలికతో ఈ కట్టడాలను షీబా రాణి కథకు ముడిపెట్టాడు. 1891లో తవ్వకాలు జరిపిన థియోడర్ బెంట్ నిర్మాతలు అరేబియా నుండి వచ్చినవారని భావించాడు. స్థానికులకు ఇంతటి నిర్మాణ నైపుణ్యం ఉండదన్న ముందస్తు నమ్మకమే ఈ నిర్ణయాలకు పునాది. బ్రిటిష్ వలస ఆక్రమణకు ఆ నమ్మకం సమర్థనగా ఉపయోగపడింది. 1902–04 మధ్య రిచర్డ్ హాల్ స్థానిక నివాసాల ఆనవాళ్ళున్న మట్టిపొరలను చెత్తగా భావించి తొలగించడంతో విలువైన సాక్ష్యం శాశ్వతంగా నశించింది.

1905లో డేవిడ్ రాండల్ మెకైవర్, 1929లో గెర్‌ట్రూడ్ కేటన్ థామ్సన్ మిగిలిన పొరలను శాస్త్రీయంగా పరిశీలించి, ఈ నగరం మధ్యయుగంలో ఆఫ్రికన్లు నిర్మించినదేనని నిరూపించారు. ఇక్కడ లభించిన చైనా పింగాణీ, పర్షియా పాత్రలు, భారతదేశపు గాజుపూసలు హిందూ మహాసముద్ర వాణిజ్యానికి నిదర్శనాలు. దిగుమతి వస్తువులు వర్తక సంబంధాలను తెలుపుతాయే గాని, నిర్మాతల జాతిని తెలుపవు. భారతీయ పూసల ఆధారంగా ఈ నిర్మాణంలో భారతీయులకు పాత్ర కల్పించడం కూడా మౌఖ్ తర్కాన్ని పునరావృతం చేయడమే అవుతుంది.

అయినప్పటికీ రొడీషియా శ్వేత ప్రభుత్వం ఈ నిర్ధారణను అణచివేయజూసింది. ఆ ఒత్తిడి కారణంగా పురావస్తు శాస్త్రజ్ఞుడు పీటర్ గార్లేక్ 1970లో దేశం విడిచి వెళ్ళాడు. 1980లో స్వతంత్ర దేశం ఈ శిథిలాల పేరునే తన పేరుగా స్వీకరించింది. ఇక్కడ లభించిన సబ్బురాతి పక్షి శిల్పం జాతీయ పతాకంపై చిహ్నమైంది. 1986లో యునెస్కో ఈ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

యాత్రికుల రచనలు నాటి భూదృశ్యాన్ని, శిథిలాల స్థితిని తెలిపే విలువైన ఆకరాలు. అయితే వాటిలోని వర్ణనను, ఊహను వేరుచేసి చదవడం చరిత్రకారుని ప్రథమ కర్తవ్యమని గ్రేట్ జింబాబ్వే ఉదంతం స్పష్టం చేస్తున్నది.